ఆర్‌ఎక్స్ 100 అనుకున్నాను, కొలిస్తే లెక్క వేరే వచ్చింది

అందరికీ నమస్కారం. నా వెనక స్టాండ్ మీద ఉన్న ఈ బండి గురించే ఈ రోజు వీడియో. లైటు లేదు, మీటర్ లేదు, ముందు మడ్‌గార్డ్ పైకి ఎత్తి కట్టారు. వెనక స్ప్రాకెట్ చూడండి, అన్నం తినే కంచం అంత ఉంది. బోయిన్‌పల్లిలో ఒక షెడ్డులో సిమెంటు బస్తాల వెనక పడి ఉంటే తెచ్చుకున్నాను. అమ్మిన పెద్దాయన, "యమహా ఆర్‌ఎక్స్ 100 బాబూ, ఒకప్పుడు మట్టి రేసులు ఆడింది" అన్నారు.

పాత టూ స్ట్రోక్ కొనేటప్పుడు ట్యాంకు మీద స్టిక్కర్ చూసి నమ్మకండి. ట్యాంకు, సీటు, సైడు డోర్లు ఒక్క పూటలో మారిపోతాయి. ముందు హ్యాండిల్ కింద ఫ్రేమ్ మెడ దగ్గర కిరోసిన్ గుడ్డతో తుడవండి. ఛాసిస్ నంబర్ అక్కడే ఉంటుంది. దీనికి 1ఎల్1 అని మొదలవుతోంది, అది ఆర్‌ఎక్స్ 100 నంబరే. ఇంజిన్ కేసు మీద కూడా అదే. రెండూ ఆర్‌సీతో కలిశాయి. అంకెల చుట్టూ గ్రైండర్ పెట్టిన గీతలు కనిపిస్తే మాత్రం ఎంత చవకగా ఇచ్చినా ఆ బండి వదిలేయండి.

1985లో మన దేశంలోకి వచ్చి 1996 దాకా తయారైన బండి ఇది. 98 సీసీ, 11 హార్స్ పవర్, బరువు దాదాపు 100 కిలోలు. ఆ బరువుకు ఆ పవర్ కాబట్టే మట్టి ట్రాకుల మీద కుర్రాళ్లు దీన్ని అంతగా ఇష్టపడ్డారు.

నంబర్లు సరిపోయాయి కాబట్టి ఆర్‌ఎక్స్ 100 అనే అనుకున్నాను. హెడ్ విప్పాక అనుమానం వచ్చింది. పిస్టన్ తల మీద బొగ్గు గీకితే 50 అనే అంకె బయటపడింది. ఆర్‌ఎక్స్ 100 బోర్, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 50 మిల్లీమీటర్లు కదా, సరిగ్గానే ఉందని సంతోషపడ్డాను. కానీ పిస్టన్ పెద్దగా కనిపిస్తోంది. వెర్నియర్ పెట్టి కొలిస్తే 58.5 వచ్చింది! ఆ 50 బోర్ సైజు కాదు, 0.50, అంటే అర మిల్లీమీటరు ఓవర్‌సైజు అని గుర్తు. సిలిండర్ అరిగాక లోపల కోసి, కాస్త పెద్ద పిస్టన్ వేశారన్నమాట. ఒరిజినల్ బోర్ 58 అన్నమాట. స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, ఆర్‌ఎక్స్ 100కీ, దాని అన్న ఆర్‌ఎక్స్ 135కీ 50 మిల్లీమీటర్లే. 58 బోర్, 50 స్ట్రోక్ లెక్క కడితే 132 సీసీ వస్తుంది. అంటే ఇది ఆర్‌ఎక్స్ 135 బ్లాక్, అదే సిలిండర్. కింద ఇంజిన్ 100ది, పైన బ్లాక్ 135ది. ఎవరో రేసు కోసం బాగా ఆలోచించి కట్టించారు. నేను ఇది చూడకుండా 50 సైజు రింగులు కొనుక్కొచ్చి ఉంటే డబ్బులు దండగ.

ఇప్పుడు అసలు విషయం. ఏళ్ల తరబడి ఆగిన టూ స్ట్రోక్‌ని ఇంటికి తేగానే కిక్ కొట్టకండి. నేను కొట్టాను. మొదట ప్లగ్గు తీసి, రంధ్రంలో కాస్త 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్లకు వాడే ఆయిల్) పోసి, మాగ్నెట్ నట్టు పట్టుకుని చేత్తో తిప్పాను. అంతవరకు సరిగ్గానే చేశాను. కార్బురేటర్ కడిగి, దానిలో పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రం, పైలట్ జెట్టులో గట్టిపడిన జిగురు ఊదాక నాలుగో కిక్‌కి స్టార్ట్ అయింది. ఆ సౌండ్‌కి కళ్లు చెమర్చాయి, నిజం. పది సెకన్లకి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే రేస్ దానంతట అదే పెరగడం మొదలైంది. గుండె జారిపోయింది. తాళం తిప్పి ఆపేశాను.

కారణం క్రాంక్ ఆయిల్ సీళ్లు, అంటే పిస్టన్ తిప్పే ఇరుసుకు రెండు వైపులా ఉండే రబ్బరు రింగులు. టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి కలిసి ముందు క్రాంక్ కేసులోకే వెళ్తాయి. పిస్టన్ కిందికి దిగేటప్పుడు అక్కడ నొక్కుకుని బ్లాకులోకి ఎక్కుతాయి. అంటే కింది కేసు కూడా ఒక పంపే. ఎడమ వైపు మాగ్నెట్ వెనక సీలు ఎండి పగిలితే బయటి గాలి లోపలికి వస్తుంది, పెట్రోలు తక్కువై రేస్ పెరుగుతుంది, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. కుడి వైపు క్లచ్ దగ్గర సీలు పోతే గేర్ ఆయిల్ తాగేస్తుంది, సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్ల పొగ. రబ్బరు ముక్కలే కానీ ఇంజిన్ ప్రాణం వాటిలోనే ఉంది. నడపకుండా పెట్టిన బండిలో ముందు ఎండిపోయేది అవే.

పుత్లీబౌలిలో సీళ్లు, రింగులు, స్మాల్ ఎండ్ బేరింగ్ దొరికాయి. కనెక్టింగ్ రాడ్ పైకీ కిందికీ కదుపుతుంటే టిక్ టిక్ మంటోంది, అలా ఉంటే బిగ్ ఎండ్, అంటే రాడ్ కింది కొసన బేరింగ్, అరిగినట్టే. క్రాంక్ తీసి బాలానగర్‌లో ఒక లేత్ షాపుకు ఇచ్చాను. అక్కడి చాచా కొత్త రాడ్ ప్రెస్ చేసి, డయల్ గేజ్ పెట్టి, ఇత్తడి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు కొడుతూ వంకర తీశారు. గంటకు పైగా పట్టింది. ఆ ఓపిక చూడటానికే అక్కడ నిలబడ్డాను. ఇలాంటి చేతులు మన ఊళ్లో ఇంకా ఉండటం మన అదృష్టం.

ఆయిల్ పంపు ఎప్పుడో పీకేసి రంధ్రం మూసేశారు. కాబట్టి పెట్రోల్లోనే 2టీ కలపాలి. రన్నింగ్ ఇన్ అయ్యేదాకా, అంటే కొత్త భాగాలు కుదురుకునేదాకా, లీటరుకు 40 మిల్లీలీటర్లు పోస్తున్నాను. ఎవరైనా తెలియక ఉత్త పెట్రోలు పోస్తే కొత్త రింగులు, క్రాంకు అన్నీ పోతాయి. అందుకే ట్యాంకు మూత మీదే రాసి పెట్టాను, చూడండి.

ఆటో ట్రాలీలో ఎక్కించి, శామీర్‌పేట దగ్గర ఫ్రెండ్ వాళ్ల పొలంలో నడిపాను. కింద గేర్లలో మెత్తగా ఉంటుంది, సగం రేస్ దాటగానే ఒక్కసారిగా లాగుతుంది. దుమ్ములో వెనక చక్రం జారుతున్నా తేలిగ్గా ఉండటం వల్ల చేతిలోనే ఉంటుంది. బ్రేకులు మాత్రం బాలేవు. డ్రమ్ములు వేడెక్కాక లివర్ లాగుతుంటే భయమేసింది. సస్పెన్షన్ రోడ్డు బండిదే కాబట్టి గట్టు ఎగిరితే నడుముకి తెలుస్తుంది.

రోడ్డెక్కించలేదు, ఎక్కించను కూడా. ఆర్‌సీలో 98 సీసీ అని ఉంది, బ్లాక్ 132ది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. మీరు రోజూ తిరగడానికి పాత ఆర్‌ఎక్స్ వెతుకుతుంటే ఇలాంటిది కొనొద్దు, 50 బోర్‌తోనే ఉన్నది చూసుకోండి. మట్టిలో ఆడుకోవడానికి, ఇంజిన్ విప్పి నేర్చుకోవడానికి అయితే కళ్లు మూసుకుని కొనండి, ఆ సీళ్ల ఖర్చు ముందే లెక్కేసుకుని.

ఇదిగో, పొలం నుంచి రాగానే తీసిన ప్లగ్గు. మొదటి రౌండుకి తెల్లగా వచ్చింది, అంటే పెట్రోలు చాలట్లేదు. కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాక కాఫీ పొడి రంగుకి వచ్చింది. దగ్గరగా చూపిస్తున్నా, చూడండి.