తంగేడు కషాయమూ, షుగర్ గోలీ

శ్రోతలకు నమస్కారం.

బతుకమ్మ రోజుల్లో హనుమకొండ చుట్టుపక్కల చెలక గట్ల మీద తంగేడు విరగబూస్తుంది. ఆ పువ్వును నీడన ఎండబెట్టి, షుగర్‌కు మంచిదని కషాయం కాచుకునేవాళ్లు మన పల్లెల్లో ఉన్నారు. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో తంగేడు పువ్వు రక్తంలో చక్కెరను తగ్గించింది కూడా. అందుకే ఆకు మందులన్నిటినీ మూఢనమ్మకమని తీసిపారేసేవాళ్ల మాట నాకు నచ్చదు. సర్కారు దవాఖానలో షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ గోలీ కథ కూడా యూరప్‌లోని ఒక మొక్క దగ్గరే మొదలైంది. ఆ మొక్కలోని మందు గుణమున్న పదార్థం విషం. దానికి దగ్గరి పదార్థమైన మెట్‌ఫార్మిన్‌ను 1922లో ప్రయోగశాలలో తయారు చేశారు. అది రోగుల దాకా చేరింది మాత్రం 1957లో.

ఇంట్లో వాడేవాటిలో నాకు ఎక్కువ నమ్మకం మెంతుల మీద. నానబెడితే జిగురు వస్తుంది కదా, అది కరిగే పీచు. అన్నంలోని పిండి చక్కెరగా మారి రక్తంలో కలిసే వేగాన్ని ఆ జిగురు తగ్గిస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ దీన్ని మనుషుల మీదే పరీక్షించింది. అక్కడ వాడింది రోజుకు 25 గ్రాములు, అంతకంటే ఎక్కువ కూడా. పులుసులో వేసే చిటికెడుతో ఆ ఫలితం రాదు. అట్లని ఒక్కసారే అంత తింటే కడుపుబ్బరం, విరేచనాలు పట్టుకుంటాయి. ఒక చెంచాతో మొదలుపెట్టండి. గర్భిణులు, రక్తం పలచబడే మందు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగనిదే మోతాదు పెంచొద్దు.

కాకరకాయ కూర నిశ్చింతగా తినండి. పరగడుపున గ్లాసెడు కాకర రసం తాగి, పైన చక్కెరను దించే గ్లిమెపిరైడ్ లాంటి గోలీ వేసుకొని, తినకుండా పొలానికి పోయేవాళ్లను తలచుకుంటేనే నాకు భయం. రెండూ కలిసి చక్కెరను 70 కంటే కిందికి దించేస్తే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. అప్పుడు వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయండి.

ఇక అంగడిలో అమ్మే పేరులేని పొడులు. ‘వారంలో షుగర్ మాయం’ అంటే అనుమానించండి. ఇలాంటి కొన్ని పొడుల్లో ఇంగ్లిష్ మందునే దొంగచాటుగా కలిపినట్టు పరీక్షల్లో బయటపడింది, సీసం లాంటి లోహాలూ దొరికాయి. పొడి తిన్న నాలుగు రోజులకే చక్కెర దిగిందని సంబరపడి, దవాఖాన గోలీ మానేసినవాళ్ల కళ్లు, కిడ్నీలు, కాళ్లు చెప్పకుండా చెడిపోతుంటాయి. ఇన్సులిన్ మీద బతుకుతున్న పిల్లలకైతే ఏ ఆకూ బదులు రాదు. ఒక్క రోజు ఆపినా ప్రాణం మీదికి వస్తుంది.

మీరు కషాయం తాగుతున్నట్టు డాక్టర్‌కు చెప్పడానికి జంకకండి. తిడతారేమోనని దాచిపెడితే మందు మోతాదు లెక్క తప్పుతుంది. ఈసారి షుగర్ పరీక్షకు పోయేటప్పుడు గోలీల చీటీతో పాటు ఆ పొడి డబ్బా కూడా సంచిలో వేసుకొని పోండి. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా చేయమని అడగండి.

సెలవు.