స్ప్రింక్లర్ ఎందుకు ఆలస్యం చేసేది?

సభకు నమస్కారం. మంటలు ఆర్పడానికి కప్పుకు బిగించిన స్ప్రింక్లర్ 74 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకుంటుందంటే, గదిలో గాలి అంత వేడెక్కగానే నీళ్లు కురుస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అంత వేడెక్కవలసింది గాలి కాదు, నీటి దారిని మూసి ఉంచిన టంకం. ఈ రెంటి నడుమ జరిగే జాప్యాన్ని గురించే ఈ పూట నా ప్రసంగం.

అమెరికాలోని న్యూహేవెన్‌లో హెన్రీ పార్మెలీ తన పియానోల కర్మాగారాన్ని కాపాడుకోవడానికి 1870లలో తయారుచేసిన స్ప్రింక్లర్‌లో, చిల్లుల బుడిపెపై ఇత్తడి మూతను తక్కువ వేడికే కరిగే టంకంతో అతికించారు. మూత వెనుకే నీళ్లు నిలిచి ఉండడంతో, టంకానికి అందవలసిన వేడిలో కొంత ఆ నీళ్లే లాగేసుకునేవి. 1881లో ఫ్రెడరిక్ గ్రినెల్ ఆ అతుకును నీటికి తగలకుండా ఎడంగా జరిపి, నీటి ఒత్తిడి దానిపై పడకుండా కవాటాన్ని వంగే పొర మధ్యలో కూర్చారు. వేగంగా స్పందించే స్ప్రింక్లర్‌కు అసలు పునాది అక్కడే పడిందని నా అభిప్రాయం.

ఆ తరువాత చాలాకాలం కర్మాగారాలు, గోదాములు నిలిస్తే చాలనుకున్నారు కనుక ఒకటి రెండు నిమిషాల ఆలస్యాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇంట్లో నిద్రపోతున్న మనిషికి మాత్రం పొగలో అంత వ్యవధి ఉండదు. 1970లలో అమెరికా బీమా సంస్థ ఫ్యాక్టరీ మ్యూచువల్ పరిశోధకులు గున్నార్ హెస్కెస్టాడ్, హెర్బర్ట్ స్మిత్ స్ప్రింక్లర్‌ను వేడిగాలి సొరంగంలోకి ఒక్కసారిగా దించి, ఎన్ని సెకన్లకు తెరుచుకుంటుందో కొలిచారు. ఆర్‌టీఐ (రెస్పాన్స్ టైమ్ ఇండెక్స్) అనే కొలమానం ఆ పనిలోంచి వచ్చినదే; అది ఎంత తక్కువైతే స్ప్రింక్లర్ అంత త్వరగా స్పందిస్తుంది. అది 50కి మించకపోతే ఫాస్ట్ రెస్పాన్స్, 80 గానీ అంతకు మించి గానీ ఉంటే స్టాండర్డ్.

చిన్న లెక్క చూడండి. 24 డిగ్రీల వద్ద ఉన్న స్ప్రింక్లర్‌ను 124 డిగ్రీల వేడిగాలి సెకనుకు ఒక మీటరు వేగంతో తాకుతోందనుకుందాం. ఆర్‌టీఐ 200 అయితే 74 డిగ్రీలకు చేరడానికి దాదాపు 139 సెకన్లు పడుతుంది; 28 అయితే 19 సెకన్లు చాలు. రెండింటిపైనా రాసి ఉండే డిగ్రీలు ఒక్కటే! మరిగే చారులో పలుచని చెంచా ఇట్టే చురుక్కుమంటుంది, బరువైన గరిటె కాస్త ఆగుతుంది, ఇదీ అంతే.

అందుకే కొత్త నమూనాలలో టంకంతో అతికిన లోహపు లింకును పలుచగా, వెడల్పుగా చేసి, టంకాన్ని తగ్గించారు. చిక్కల్లా టంకం దగ్గరే: ఎడతెగని బరువు కింద అది ఏళ్ల తరబడి మెల్లగా సాగుతుంది గనుక, మరీ తగ్గిస్తే మంట లేకుండానే విడిపోవచ్చు. టంకానికి బదులు ద్రవం నింపిన గాజు గొట్టం వాడే రకాల్లో 5 మిల్లీమీటర్ల గొట్టానికి బదులు 3 మిల్లీమీటర్లది వచ్చింది. 68 డిగ్రీల రకంలో లోపలి ఎర్రని ద్రవం త్వరగా వ్యాకోచించి గాజును పగలగొడుతుంది.