కారు ఛార్జర్‌కి ఏ వైర్ వేయాలి?

అందరికీ నమస్కారం. ఎలక్ట్రిక్ కారు కొనేటప్పుడు మైలేజీ గురించి, బ్యాటరీ గురించి గుచ్చి గుచ్చి అడుగుతాం. ఇంట్లో ఛార్జర్‌కి వేసే వైర్ సంగతి మాత్రం ఎలక్ట్రీషియన్‌కి వదిలేస్తాం. ఆయన "గీజర్‌కి 4 స్క్వేర్ ఎంఎం వేశాం కదండీ, దీనికీ అదే చాలు" అంటే సరేనంటాం. నా అభ్యంతరమంతా ఆ మాట మీదే. స్క్వేర్ ఎంఎం అంటే వైర్ లోపలి లోహం ఎంత లావో చెప్పే కొలత.

గీజర్ కాసేపు నడిచి ఆగిపోతుంది. వైర్‌కి చల్లబడే టైం దొరుకుతుంది. 7.4 కిలోవాట్ల ఛార్జర్ అలా కాదు. 230 వోల్టుల దగ్గర 32 ఆంపియర్లు, గంటల తరబడి, ఏకబిగిన లాగుతుంది. పైగా కరెంటు 16 నుంచి 32కి పెరిగితే వైర్‌లో పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అందుకే ఇలాంటి లోడ్‌కి పావు వంతు కలిపి, 32 ఉన్నచోట 40 ఆంపియర్లకి లెక్క వేసుకోవాలి.

ఇక కేటలాగ్‌లో వైర్‌కి రాసిన ఆంపియర్లు చూసి మోసపోకండి. గాలి ఆడేచోట మోసినంత కరెంటు, గోడలోని పైపులో మరో నాలుగు వైర్ల మధ్య ఇరుక్కున్న వైర్ మోయలేదు. ఎండకి కాలే గోడ అయితే ఇంకా తగ్గించుకోవాలి.

దూరం కూడా చూడాలి. మీటరు బోర్డు నుంచి ఛార్జర్‌కి 30 మీటర్లు అనుకుందాం. రానూపోనూ 60 మీటర్ల రాగి. 32 ఆంపియర్లు పారితే 4 స్క్వేర్ ఎంఎం వైర్‌లో దాదాపు 9 వోల్టులు పడిపోతాయి, సుమారు 280 వాట్లు దారిలోనే వేడైపోతాయి. 6 స్క్వేర్ ఎంఎం వేస్తే 6 వోల్టులు, 190 వాట్లు. 10 వేస్తే మూడున్నర వోల్టులే. నన్నడిగితే 32 ఆంపియర్లకి 6 అన్నది కనీసం. దూరం ఎక్కువైనా, పైపులో రద్దీ ఉన్నా 10కి వెళ్లిపోండి. అల్యూమినియం అయితే ఈ సైజులు చాలవు.

ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్) మాటిమాటికీ పడిపోతోందని పెద్దది మార్చేవాళ్లున్నారు. వైర్ మార్చకుండా ఆ పని చేయొద్దు. ఎంసీబీ ఉన్నది ముఖ్యంగా వైర్‌ని కాపాడటానికి. దాని రేటింగ్ ఛార్జర్ లాగే కరెంటు కన్నా తక్కువ ఉండకూడదు, వైర్ మోయగలిగినదాన్ని దాటకూడదు.

ఇంత చేసినా పని చెడేది చివర్లో, టెర్మినల్ (వైర్ కొసను బిగించే చోటు) దగ్గర. లావు వైర్ బెజ్జంలో దూరడం లేదని నాలుగు పోగులు కత్తిరించి దోపేస్తారు. మీరు డబ్బు పెట్టి కొన్న 6 అక్కడ 4 అయిపోతుంది. దగ్గరుండి చూడండి. సరైన లగ్ (వైర్ కొసకి తొడిగే లోహపు ముక్క) వేయించి, స్క్రూ గట్టిగా బిగించమనండి.

పాత వైరే ఉంచక తప్పదంటే, చాలా ఛార్జర్లలో కరెంటు తగ్గించే సెట్టింగ్ ఉంటుంది. వైర్ తట్టుకునేంతకే పెట్టించండి. రాత్రంతా కారు ఖాళీగానే ఉంటుంది కదా, నింపాదిగా ఎక్కుతుంది.