బొజ్జను వదలండి, తొడలను పట్టుకోండి!

నమస్కారం. నేరుగా విషయానికి వస్తున్నాను. బొజ్జ కరగాలని వెల్లకిలా పడుకుని తల పైకి లేపుతూ చేసే ఆ క్రంచెస్ ఈ రోజే మానేయండి. అవును, మానేయండి!

పోయిన వీడియోలో ఈ మాట అన్నందుకు చాలామందికి కోపం వచ్చింది. ‘రోజుకు వంద చేస్తున్నాం, పొట్ట మండుతోంది, కరుగుతున్నట్టే కదా’ అని అడిగారు. మండేది కండరమండీ! దాని మీది కొవ్వుకు ఆ సెగ కూడా తగలదు. 2011లో అమెరికాలో 24 మందిని తీసుకుని, అందులో కొందరి చేత వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు ఏడు రకాల పొట్ట వ్యాయామాలు చేయించారు. పొట్ట కండరాలకు ఓర్పు పెరిగింది. కొవ్వు తగ్గలేదు, నడుము కొలతా తగ్గలేదు. టెన్నిస్ ఆటగాళ్లు ఏళ్ల తరబడి ఒకే చేత్తో బంతిని బాదుతారు కదా, వాళ్ల రెండు చేతుల్లోనూ చర్మం కింది కొవ్వు ఒకేలా ఉందని 1971లోనే కొలిచి చెప్పారు. యాభై ఏళ్లు దాటింది! అయినా ‘పది రోజుల్లో బొజ్జ మాయం’ అంటూ యాభై ఏళ్ల మనుషుల మెడలూ నడుములూ పట్టేసేలా చేస్తూనే ఉన్నారు. ఇది నాకు మింగుడు పడదు.

ఇక రెండో అబద్ధం: నలభై దాటితే మెటబాలిజం, అంటే ఒళ్లు శక్తిని ఖర్చు చేసే వేగం, పడిపోతుందట. 6,400 మందికి పైగా కొలిచిన ఫలితాలు 2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా శరీరం ఖర్చు చేసే శక్తి దాదాపు స్థిరంగానే ఉంటుంది.

మరి తగ్గేది ఏమిటి? కండ! ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం కండ జారిపోతుంది. ఒంట్లో అతి పెద్ద కండలు తొడల్లో, పిరుదుల్లో ఉన్నాయి. మీరు తిన్న అన్నం చక్కెరగా మారితే దాన్ని దాచుకోవలసిన గాదెలు అవే. గాదె చిన్నదైపోయి, వాడక లేక మూతపడితే ఆ చక్కెర ఎక్కడికి పోతుంది? కాలేయంలో కొవ్వవుతుంది, పేగుల చుట్టూ చేరుతుంది. అదే మీ బొజ్జ.

మనకు ఈ బెడద మరీ ఎక్కువ. 2004లో పుణె వైద్యుడు యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు యుడ్కిన్ తమనే కొలుచుకున్నారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువును చూపే కొలత, ఒకటే: 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం! సన్నటి కాళ్లు, ముందుకొచ్చిన పొట్ట, ‘నేను లావు లేనుగా’ అనే ధీమా. మన ఇళ్లలో ఇలాంటివారు ఎందరో. టేపు తెచ్చి కొలవండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమే.

ఇప్పుడు నా వాదన వినండి. మన బొజ్జ మనం నేల మీద కూర్చోవడం మానేసిన రోజున మొదలైంది. పీట మీద భోజనం, కత్తిపీట ముందు కూర, గొంతుక్కూర్చుని బట్టలు ఉతకడం... మా అమ్మమ్మ రోజుకు ఎన్నిసార్లు కూర్చుని లేచేదో! ఆ తొడలకు తీరిక ఉండేది కాదు. ఇప్పుడు సోఫా నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి కారుకు. మల్లవీరుడు కోడి రామ్మూర్తి నాయుడి కాలంలో వ్యాయామశాలకు వెళ్తే దండీలు, బస్కీలు (గొంతుక్కూర్చుని లేవడం) తీయవలసిందే. ఆ బస్కీలను వదిలేసి పొట్ట మీద బెల్టులు కట్టుకుంటున్నాం! వినాయక చవితికి ఏడాదికోసారి తీసే గుంజీళ్లు రోజూ తీయండి. పది, పదిహేను, ఇరవై. మోకాళ్లు నొప్పిగా ఉంటే కుర్చీ అంచున కూర్చుని లేవండి. గుండె జబ్బు ఉంటే ముందు వైద్యుణ్ణి అడగండి. మెట్లు ఎక్కండి. వారానికి కనీసం 150 నిమిషాలు గబగబా నడవండి. అన్నం తినగానే పడక్కుర్చీ ఎక్కకండి.

నెల తర్వాత కాటా చూసి నిరాశపడవద్దు. వ్యాయామానికి త్వరగా లొంగేది పేగుల చుట్టూ ఉన్న ఆ లోపలి కొవ్వే. బరువు కదలకపోయినా టేపు కదులుతుంది.

ఇప్పుడే వీడియో ఆపండి. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి. చేతులు ఆనించకుండా లేవండి. లేవగలిగారా, లేదా? మీ వయసుతో సహా కింద రాయండి. ప్రతి ఒక్కటీ చదువుతాను.