ఈఎంటీ (అత్యవసర వైద్య టెక్నీషియన్) ప్రాక్టికల్ పరీక్షలో అలర్జీ కేసు వస్తే ఏం చేయాలి?

[యాంకర్ కెమెరా ముందు. బల్ల మీద ఆక్సిజన్ మాస్క్, ట్రెయినర్ ఆటో ఇంజెక్టర్.]

నమస్తే. అలర్జీ కేసు అనగానే అందరూ డోసులు బట్టీ పడతారు. అవి కావాలి, కానీ అసలు పరీక్ష వేరే చోట ఉంది. ఇది మామూలు అలర్జీయా, ప్రాణం మీదికి వచ్చే అనాఫిలాక్సిసా? ఇది త్వరగా తేల్చి పైకి చెప్పాలి. మీ మనసులో ఏముందో ఎగ్జామినర్‌కు వినపడదు.

గ్లవ్స్, సీన్ సేఫ్టీ, పేషెంట్లు ఎంతమంది, అదనపు సాయం కావాలా... ఇవి చకచకా చెప్పేయండి. తేనెటీగలు కుట్టిన కేసయితే అవి ఇంకా అక్కడే ఉన్నాయేమో అడగండి.

ఇప్పుడు ఎయిర్‌వే, శ్వాస, రక్తప్రసరణ. ఇక్కడ నిదానంగా చూడండి. గొంతు బొంగురుపోయిందా? నాలుక వాచిందా? ఊపిరి పీల్చేటప్పుడు కీచుమంటోందా? అది స్ట్రైడర్, గొంతు దగ్గర దారి మూసుకుపోతోంది. స్టెతస్కోప్‌లో పిల్లికూతలు వినిపిస్తే లోపలి శ్వాసనాళాలు బిగుసుకున్నట్టు. పల్స్ వేగంగా, బలహీనంగా ఉండి బీపీ పడిపోతే షాక్.

ఒంటి మీద దద్దుర్లు, దురద మాత్రమే ఉంటే జాగ్రత్తగా గమనిస్తూ ఉండాలి. వాటికి ఊపిరి ఇబ్బందో షాకో తోడైతే అనాఫిలాక్సిస్ అనుకోండి. దద్దుర్లు అసలు లేకుండానూ అది రావచ్చు. ఎగ్జామినర్లు మెలిక పెట్టడానికి అనువైన చోటు ఇదే.

ఆక్సిజన్ పెట్టండి. ఏం తిన్నారు, ఏం కుట్టింది, ఎంతసేపైంది, ఇంతకుముందు ఇలా అయిందా అని అడగండి. అనాఫిలాక్సిస్‌కు ఇచ్చే మందు ఎపినెఫ్రిన్. ఆ ఇంజెక్షన్ ఇప్పటికే వేసుకున్నారా అన్నది మర్చిపోవద్దు. ఈ ప్రశ్నల కోసం ఎపినెఫ్రిన్ మాత్రం ఆలస్యం చేయకండి.

[క్లోజప్: చేతిలో ఇంజెక్టర్.]

పెద్దలకు 0.3 మిల్లీగ్రాములు. 15 నుంచి 30 కిలోల పిల్లలకు 0.15. మందు పేరు, గడువు తేదీ, ద్రవం తేటగా ఉందా అన్నవి చూస్తూ పైకి చదవండి. మీ ప్రోటోకాల్ (చికిత్స నియమావళి) అడిగితే మెడికల్ కంట్రోల్, అంటే మీకు సూచనలిచ్చే డాక్టర్, అనుమతి తీసుకోండి. పిడికిట్లో పట్టుకోండి, బొటనవేలు ఏ చివరా ఉండకూడదు. సేఫ్టీ క్యాప్ తీసి, తొడ బయటివైపు మధ్యభాగంలో క్లిక్ అనేదాకా నొక్కండి. ఎన్ని సెకన్లు అలాగే ఉంచాలో పరికరం మీద ఉంటుంది. కొన్నింటికి 3, కొన్నింటికి 10. బట్టల మీదుగానూ ఇవ్వొచ్చు, జేబులో ఏమీ లేకుండా చూసుకోండి. ఇచ్చిన టైమ్ గట్టిగా చెప్పి, ఇంజెక్టర్‌ను సూదులు పడేసే షార్ప్స్ డబ్బాలో వేయండి.

ఎపినెఫ్రిన్ రక్తనాళాలను బిగించి బీపీ పెంచుతుంది, శ్వాసనాళాలను వదులు చేస్తుంది. అలర్జీ మాత్రలు ఈ పని చేయలేవు. గుండె దడ, చేతుల వణుకు వస్తాయని పేషెంట్‌కు ముందే చెప్పండి. ఆయన భయం సగం తగ్గుతుంది.

షాక్‌లో ఉంటే పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టండి. ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వండి. హఠాత్తుగా నిలబెట్టకండి, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. 5 నిమిషాలకోసారి మళ్లీ పరీక్షించండి. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో, ప్రోటోకాల్ ప్రకారం రెండో డోసు.

చివర్లో ఎగ్జామినర్, "పేషెంట్ కుదుటపడ్డాడు, ఇంటికి వెళ్తానంటున్నాడు" అనొచ్చు. ఒప్పుకోవద్దు. కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టవచ్చు, ఆసుపత్రికి రావాల్సిందేనని ఆయనకు నచ్చజెప్పండి. ఆ మాటలు కూడా ఎగ్జామినర్‌కు వినపడాలి.