ఇంటి సబ్బు గట్టిపడాలంటే

వ్యాఖ్యాత: అమలాపురం నుంచి ఒక శ్రోత లైనులో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. 300 గ్రాముల నువ్వుల నూనె, 150 గ్రాముల కొబ్బరి నూనె, 50 గ్రాముల ఆముదం కలిపి, 70 గ్రాముల కాస్టిక్ సోడాను 200 గ్రాముల నీళ్లలో కరిగించి సబ్బు చేశాను. వారం దాటినా బొటనవేలితో నొక్కితే గుంట పడుతోంది. స్నానాల గదిలో పెట్టిన ముక్క రెండు రోజులకే అడుగున జిగురుగా మారింది. కాస్టిక్ పెంచితే గట్టిపడుతుందని మా తోడికోడలు అంటోంది.

నిపుణురాలు: ఆ పని మాత్రం చేయకండి. ఐదు శాతం నూనె సబ్బుగా మారకుండా మిగిలేలా లెక్క వేస్తే, ఆ నూనెలకు 70 గ్రాములే సరి. పెంచితే మిగిలిపోయిన క్షారం చర్మాన్ని మండిస్తుంది. మీకు ఎక్కువైనవి నీళ్లు, 140 గ్రాములు చాలు. నువ్వుల నూనె సబ్బు మెత్తగానే ఉంటుంది కనుక, ఈసారి దానిని 200 గ్రాములకు తగ్గించి, కొబ్బరి నూనెను 250 గ్రాములకు పెంచండి. అప్పుడు కాస్టిక్ 75, నీళ్లు 150 గ్రాములు అవుతాయి. నూనె మారినప్పుడల్లా ఈ లెక్క మళ్లీ వేసుకోవలసిందే.

శ్రోత: ఉప్పు వేయవచ్చా అండీ?

నిపుణురాలు: వేయవచ్చు. ఒక చెంచా, అంటే సుమారు 5 గ్రాములు, ముందుగా నీళ్లలో పూర్తిగా కరిగించి, ఆ తరువాతే కాస్టిక్‌ను కొద్దికొద్దిగా ఆ నీళ్లలో వేయండి. కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు, అల్యూమినియం గిన్నె అసలు వాడకూడదు. ఉప్పు వల్ల సబ్బు అచ్చు నుంచి త్వరగా, శుభ్రంగా ఊడివస్తుంది. మరీ ఎక్కువైతే నురుగు తగ్గి, కోసేటప్పుడు అంచులు పెళుసుగా విరుగుతాయి. సబ్బు గట్టిపడడానికి కొందరు కలిపే సోడియం లాక్టేట్ అనే లవణం చేసేదీ ఇంచుమించు ఇదే పని, కాబట్టి వంటింట్లో ఉప్పు ఉండగా దానిని కొనవలసిన అవసరం నాకు కనిపించదు.

శ్రోత: తేనెమైనం?

నిపుణురాలు: గట్టిపరుస్తుంది కానీ, అది కరగాలంటే నూనెలు 60 డిగ్రీలు దాటి వేడెక్కాలి, ఆ వేడిలో మిశ్రమం చూస్తుండగానే చిక్కబడిపోతుంది. కొత్తగా చేసేవారికి నేను చెప్పను.

శ్రోత: మరి ఇప్పుడున్న సబ్బులు?

నిపుణురాలు: గాలి ఆడే చోట, జల్లెడ మీద ఎడంగా పేర్చి, అప్పుడప్పుడు తిరగవేస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వండి. కోనసీమ తేమకు ఇంకొంచెం ఎక్కువే పట్టవచ్చు.

శ్రోత: తోడికోడలికి రెండు ఇచ్చేశానండీ.

నిపుణురాలు: పరవాలేదమ్మా, ఆమెను కూడా అలాగే ఆరబెట్టుకోమనండి.