పదిహేడో నంబరు గొట్టం

అధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన నిర్వాహకులకు, వెనక వరుసల్లో సర్దుకుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. ఆ వెనకవాళ్లు దయచేసి ముందుకు రండి. ఇవాళ నాకు పని మీతోనే. నాకిచ్చిన అంశం కాఫీ వ్యర్థాల నుంచి శిలీంధ్రాల, అంటే బూజుల, సాయంతో రసాయనాలు తీయడం. నాకు ప్రాణమైన అంశమే. కానీ దాని వెనక ముప్పై ఏళ్లుగా నన్ను వదలని బాధ ఒకటి ఉంది. అది చెప్పకుండా ఈ వేదిక దిగలేను.

ముందు సరుకు సంగతి. కాఫీ పండులో మనకు కావలసింది లోపలి గింజలు మాత్రమే. తడి పద్ధతిలో పండ్లను పల్పరులో, అంటే తొక్క ఒలిచే యంత్రంలో, వేస్తే, బరువులో దాదాపు 40 శాతం తొక్కగా, గుజ్జుగా అక్కడికక్కడే విడిపోతుంది. ఇక గింజలు ప్రపంచమంతటా ఏటా సుమారు కోటి టన్నులు పండుతాయి. టన్ను పచ్చి గింజలను వేయించి, పొడి చేసి, కాఫీ దింపాక 650 కిలోల దాకా పిప్పి మిగులుతుంది.

మీలో ఎవరైనా పల్పరు పక్కన పోసిన గుజ్జు కుప్పను నాలుగు రోజులు వరసగా చూశారా? మొదటి రోజు మాగిన పండు వాసన. రెండో రోజుకు పులుపు ఎక్కుతుంది. మూడో రోజు కుప్ప నడుమకు చెయ్యి పోనిస్తే కాక తగులుతుంది. ఆ తర్వాత పైన తెల్లటి నూలుపోగులు, వాటి కొసల మీద నల్లటి పొడి. అడుగు నుంచి కారే గోధుమరంగు నీరు వాగులో కలిస్తే నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోయి చేపలు చచ్చి తేలతాయి. పశువుల మేతకు వాడదామంటే కెఫీన్, టానిన్లనే వగరు పదార్థాలు అడ్డం.

ఆ అడ్డమే మనకు సరుకు. ఎండు గుజ్జులో కెఫీన్ ఒక శాతం పైమాటే. టానిన్లు, క్లోరోజెనిక్ ఆమ్లం, పెక్టిన్, చక్కెరలు కూడా ఉన్నాయి. వీటిని విడదీయడానికి ద్రావకాలూ, ఘాటైన ఆమ్లాలూ, వేడీ వాడవచ్చు. కుప్ప మీది బూజు మాత్రం 30 డిగ్రీల దగ్గర, తడి గుజ్జు మీదే ఆ పని చేస్తుంది. మనం తిని అరిగించుకుంటాం. బూజు అరిగించుకుని తింటుంది. ఎంజైములను బయటికి వదిలి, కరిగినదాన్ని తనలోకి పీల్చుకుంటుంది. అరుగుదల బయటే జరుగుతుంది కాబట్టి మనం చెయ్యి పెట్టడానికి సందు దొరుకుతుంది.

నల్ల బూజుకు ఆస్పర్జిల్లస్ నైజర్ అని 1867లో పేరు పెట్టినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త వాన్ టీగెమ్. మాచికాయల కషాయంలో టానిన్ విరిగి గాలిక్ ఆమ్లం కావడం బూజు పనేనని తేల్చింది కూడా ఆయనే. ఆ పని చేసే టానేజ్ ఎంజైమును కాఫీ గుజ్జు మీద కూడా తయారు చేయించవచ్చు. పెక్టిన్‌ను కోసే ఎంజైములు పండ్ల రసాలను తేటపరుస్తాయి. క్లోరోజెనిక్ ఆమ్లాన్ని విరిస్తే కెఫీక్ ఆమ్లం వస్తుంది.

ఇక్కడ ఒక పక్క దారి పట్టనివ్వండి. వరి నారులో కొన్ని మొక్కలు అడ్డూఆపూ లేకుండా సాగి, పాలిపోయి, వాలిపోయే తెగులు ఉంది. జపాన్‌లో దానికి ‘వెర్రి నారు’ అని అర్థం వచ్చే పేరుంది. 1926లో కురొసావా అనే శాస్త్రవేత్త ఆ తెగులు తెచ్చే శిలీంధ్రాన్ని పెంచిన ద్రవం నుంచి దాన్ని పూర్తిగా తీసేసి, ఆ ద్రవాన్ని మాత్రమే నారుకు పెట్టి చూశాడు. నారు అలాగే సాగింది. శిలీంధ్రం విడిచిన ఆ పదార్థానికి 1935లో యబుతా అనే మరో జపాన్ శాస్త్రవేత్త జిబ్బరెలిన్ అని పేరు పెట్టాడు. ద్రాక్ష తోటల్లో కాయ సైజు పెంచడానికి చల్లేది దాన్నే. బ్రెజిల్ పరిశోధకులు ఆ శిలీంధ్రాన్ని కాఫీ పొట్టు మీద పెంచి జిబ్బరెలిక్ ఆమ్లం తీశారు. తెగులు నుంచి మందు, చెత్త మీద మందు! ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

ఇప్పుడు కెఫీన్. కెఫీన్ అణువుకు మిథైల్ గుంపులనే చిన్న ముక్కలు మూడు అతుక్కుని ఉంటాయి. శిలీంధ్రాలు సాధారణంగా అందులో ఒకదాన్ని తీసి థియోఫిలిన్‌గా మారుస్తాయి. థియోఫిలిన్ ఉబ్బసానికి వాడే మందు. చిక్కేమిటంటే బూజు అక్కడ ఆగదు. రెండోదీ తీస్తుంది, మూడోదీ తీస్తుంది, చివరకు అంతా తినేస్తుంది. మందు కావాలంటే నడుమలో పట్టుకోవాలి.

నా దగ్గర నడుమలో ఆగే బూజు ఒకటి ఉండేది.

పల్పింగు షెడ్డు మురుగు కాలువ అంచు నుంచి గీకి తెచ్చిన మట్టిలో దొరికింది. గొట్టంలో పెట్టి ఫ్రిజ్‌లో దాచాను, రిజిస్టరులో దాని నంబరు 17. వారం రోజులు పెంచి, రసం తీసి, పదార్థాలను వేరువేరు మచ్చలుగా విడదీసే పల్చని సిలికా పలక మీద చుక్క పెట్టి, అతినీలలోహిత దీపం కింద చూశాను. కెఫీన్ మచ్చ దాదాపు చెరిగిపోయింది. థియోఫిలిన్ మచ్చ నల్లగా నిలిచి ఉంది. ఇంకో మూడు రోజులు ఆగి చూశాను, అప్పటికీ ఉంది. నాలుగుసార్లు మళ్లీ చేశాను. ఆ మచ్చ ఈనాటికీ నా కళ్ల ముందు కదులుతుంది.

ప్రాజెక్టు గడువు ముగిసింది. నేను పనిచేసిన సంస్థలో గదులు మార్చారు. నేను ఊళ్లో లేని పది రోజుల్లో ఫ్రిజ్ తీగ పీకి వరండాలో పెట్టారు. తిరిగొచ్చేసరికి రిజిస్టరులో 1 నుంచి 40 దాకా ఒకే బ్రాకెట్టు గీసి, పక్కన ‘నిరుపయోగం, పారవేయబడినవి’ అని రాసి ఉంది. దాని కింద సంతకం. మళ్లీ అదే కాలువకు వెళ్లాను, రెండు వానాకాలాలు వెళ్లాను. బూజులు దొరికాయి, పదిహేడు దొరకలేదు.

సిట్రిక్ ఆమ్లం గురించి ఇంకా చెప్పాల్సి ఉంది. దాన్ని వదిలేస్తున్నాను, క్షమించండి. ఒక్క సంగతి మాత్రం వినండి. 1943లో అమెరికాలోని పియోరియా ప్రయోగశాలకు బూజు పట్టిన ఒక కర్బూజా పండు వచ్చింది. దాని మీది పెనిసిలియం అనే బూజుకు 1951 అని నంబరు వేసి దాచారు. అది సంవత్సరం కాదు, గొట్టం నంబరు. నేడు ఫ్యాక్టరీల్లో పెనిసిలిన్ తయారుచేసే రకాలకు మూలపురుషుడు ఆ గొట్టంలోనిదే. దాన్ని కూడా ఎవరో నిరుపయోగం అని రాసి పారేసి ఉంటే?

అందుకే మిమ్మల్ని ముందుకు పిలిచాను. కాఫీ గుజ్జు మీద పనిచేసేవాళ్లు ముందు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఆ నల్ల పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. దొరికిన ప్రతి రకాన్నీ నమ్మకండి. ఆస్పర్జిల్లస్‌లలో కొన్ని ఓక్రాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి, పరీక్షించే ఎంచుకోండి. ఎంచుకున్నదాన్ని ఒక్క గొట్టంలో ఉంచి నిద్రపోకండి. ఒక ప్రతి పారఫిన్ నూనె కింద, ఇంకోటి గ్లిజరాల్‌లో గడ్డకట్టించి, మూడోది వేరే భవనంలో, వేరే మనిషి దగ్గర. పెంచే ఆహారంలో కెఫీన్ కలపడం మానకండి. తేలిక తిండికి అలవాటు పడిన బూజు కష్టమైన పని మరచిపోవచ్చు. చీటీ మీద పెన్సిల్‌తో రాయండి. సిరా ఆల్కహాలు తగిలితే పోతుంది.

నా దగ్గర ఇప్పుడు ఐదు రకాలు మిగిలాయి. ఐదూ కాఫీ గుజ్జు మీద పెరిగేవే. వాటి రిజిస్టరు తలుపు దగ్గరి బల్ల మీద పెట్టాను. ఒక్కో నంబరుకు ఎదురుగా రెండు గళ్లు ఖాళీగా ఉన్నాయి. రెండో ప్రతి, మూడో ప్రతి తమ ప్రయోగశాలలో ఉంచుకుని, ఆరు నెలలకోసారి బతికి ఉందో లేదో చూస్తామనేవాళ్లు పేరు రాసి వెళ్లండి. పెన్సిల్ అక్కడే ఉంది.